గ్రాఫైట్ మసి

కామేశ్వరరావుకి ఓర్వలేనితనం పుట్టుకతో రాలేదు. యాభై దాటి అరవైకి దగ్గర పడుతున్నప్పుడు వచ్చింది. ఆ వయసులో అందరికీ షుగరో బీపీయో వస్తాయి. ఆయనకి అవేవీ రాలేదు, ఇది వచ్చింది. షుగరుకైతే మాత్ర ఉంది కానీ దీనికి లేదని ఆయన భార్య కనకలక్ష్మి అంటుంది.

ఊరు తణుకు దగ్గర. ఉద్యోగం నిజాంపేటలో, ఒక కార్పొరేట్ కాలేజీలో. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాడు. నిజాంపేట సంగతి తెలిసిందే కదా, అపార్ట్‌మెంటు లేని చోట హాస్టలు, హాస్టలు లేని చోట టిఫిన్ సెంటరు, ఏ గోడ చూసినా ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. అక్కడి కాలేజీల్లో ఒక పద్ధతి ఉంది. సబ్జెక్టంతా ఒకరే చెప్పరు, చాప్టర్లు పంచుకుంటారు. ఒకసారి చాప్టరు చేతికొచ్చిందంటే అది సొంత పొలం కిందే లెక్క, గట్టు దాటి మరొకరు అడుగు పెట్టరు. కామేశ్వరరావు పొలం పేరు 'న్యూక్లియై'. పరమాణువు నడిమధ్యన ఉండే గింజ సంగతులు.

పరీక్షలో దాన్నుంచి వచ్చేవి ఒకటో రెండో ప్రశ్నలు. బోర్డు మీద నాలుగు ఫార్ములాలు రాసి లెక్కలు చేయించేస్తే ఎవరూ అడగరు. ఆయన మాత్రం ఆ చాప్టరు మొదలుపెట్టే రోజున చాక్‌పీసు ముట్టుకోడు. కుర్చీ బల్ల ముందుకి లాక్కుని కూర్చుని కథ చెబుతాడు. పారిస్‌లో మబ్బు పట్టిన రోజుల్లో ఒకాయన యురేనియం ఉప్పునీ ఫొటో ప్లేటునీ కలిపి సొరుగులో పడేస్తే, ఎండ సోకకుండానే ప్లేటు మీద మచ్చ పడిన కథ. కురిసే షెడ్డులో క్యూరీ దంపతులు ఖనిజాన్ని గంగాళాలకొద్దీ ఉడకబెట్టి, చిటికెడు రేడియం తీసిన కథ. అలా చెప్పుకుంటూ ఇడా నోడాక్ అనే జర్మన్ కెమిస్టు దగ్గరికొచ్చేసరికి గొంతు మారిపోతుంది.

"రోమ్‌లో ఫెర్మీ గారు యురేనియాన్ని న్యూట్రాన్లతో కొట్టి, కొత్త మూలకాలు పుట్టాయన్నారు. లోకమంతా చప్పట్లు కొట్టింది. ఈవిడ ఒక్కతే, అయ్యా, పుట్టడం కాదేమో, గింజే ముక్కలైందేమో చూసుకున్నారా అని రాసింది. ఎవరైనా విన్నారా? వినలేదు. నాలుగేళ్ల తర్వాత జర్మనీలోనే బయటపడింది, గింజ నిజంగానే ముక్కలైందని. అందుకే చెబుతున్నానర్రా. తప్పు కనిపిస్తే చెయ్యెత్తండి. వినకపోతే వాళ్ల ఖర్మ. చెప్పకపోతే మన పాపం."

ఆఖర్న చికాగో. ఆట మైదానం గ్యాలరీ కింద గ్రాఫైట్ దిమ్మలు పేర్చి, మధ్యలో యురేనియం ఇరికించి, 1942 డిసెంబరులో మొట్టమొదటి రియాక్టరును నడిపించిన కథ. న్యూట్రాన్ల పరుగుకి పగ్గం వేసేది ఆ గ్రాఫైటే. "ఆ దిమ్మల్ని కోసీ చెక్కీ ఒళ్లంతా మసి పట్టేసేది. అంతంత చదువుకున్నవాళ్లు బొగ్గు గనిలోంచి వచ్చినట్టు బయటికొచ్చేవారు" అంటూ ముందు బెంచీ పిల్ల దగ్గర పెన్సిల్ తీసుకుని, దాని నల్లటి ముక్కును వేలితో బాగా రుద్ది, ఆ వేలిని తన చెంప మీద రాసుకునేవాడు. "ఇదిగో, ఇదే గ్రాఫైటు. అణుయుగం మొహం ఇలా ఉండేది." పిల్లలు బెంచీలు బాదేసేవారు. ఆ చెంపతోనే స్టాఫ్ రూముకీ, ఆ చెంపతోనే ఇంటికీ వెళ్లేవాడు. సంవత్సరమంతా ఆయన మామూలు మనిషే, ఆ ఒక్కరోజు పెళ్లికొడుకు అని కనకలక్ష్మి నవ్వేది.

ఇలా ఉండగా శామ్యూల్ వచ్చాడు. హఫీజ్‌పేట కుర్రాడు. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ చేసేవాడు. కంపెనీ వాళ్లు టీము మొత్తాన్ని తీసేస్తే, ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఎలాగూ ఉంది కదా అని పాఠాలు చెప్పడానికి వచ్చాడు. చర్చిలో పాటలు పాడిన గొంతు. మనిషి కూడా చక్కగా ఉంటాడు. వచ్చిన కొత్తల్లోనే కామేశ్వరరావు దగ్గరికొచ్చి, "సార్, మీ న్యూక్లియై కథ మస్తుంటదట గద. నేను గూడ వెనక కూసొని వింట, జర పర్మిషన్ ఇయ్యున్రి" అని అడిగాడు. కామేశ్వరరావు ఉబ్బిపోయాడు. కూర్చోబెట్టాడు. కుర్రాడు నోరు తెరుచుకుని విన్నాడు కూడా. కానీ నోడాక్ కథ అయ్యీ అవగానే అటెండరొచ్చి, పక్క సెక్షన్‌కి లెక్చరర్ రాలేదని శామ్యూల్‌ని తీసుకుపోయాడు. చికాగో అతను వినలేదు. అప్పుడు ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మరుసటి సంవత్సరం కాలేజీ వాళ్లకి వీడియోల పిచ్చి పట్టింది. హైటెక్ సిటీలో అద్దాల బిల్డింగులో స్టూడియో తీసుకున్నారు. పాఠాలన్నీ రికార్డు చేసి, అన్ని బ్రాంచీల్లోనూ తెర మీద వేస్తారట. న్యూక్లియై మొదటి క్లాసుని కథలాగే తీద్దామని డీన్ వెంకట్ మీటింగులో అన్నప్పుడు కామేశ్వరరావు గుండె గంతులేసింది. ఇంటికెళ్లి లేతనీలం చొక్కా ఇస్త్రీకి ఇచ్చొచ్చాడు. తెర మీద తెలుపు బాగోదని ఎక్కడో విన్నాడు.

మర్నాడు వెంకట్ రూములోకి పిలిచి కాఫీ ఇచ్చాడు. కాఫీ ఇచ్చినప్పుడే అర్థం చేసుకోవలసింది.

"మీ కంటెంట్ బంగారం సార్, అందులో డౌట్ లేదు. కానీ స్క్రీన్ ప్రెజెన్స్ అనేది ఒకటుంటుంది కదండీ. శామ్యూల్‌తో చేయిద్దాం అనుకుంటున్నాం. మీరెలాగూ గైడెన్స్ ఇస్తారు."

"నా చాప్టరండీ అది."

"చాప్టర్ మీదే సార్. ఫేస్ ఒక్కటే అతనిది."

ఆ రోజు నుంచీ కామేశ్వరరావు కడుపులో పొయ్యి అంటుకుంది. నా గింజ, నా పారిస్, నా నోడాక్ అనుకున్నాడు. ఆవిడేదో తణుకులో ఆయన మేనత్త కూతురైనట్టు. శామ్యూల్ నమస్కారం పెడితే వినయం నటిస్తున్నాడనిపించేది, పెట్టకపోతే పొగరనిపించేది. ఓ రోజు జేఎన్టీయూ దగ్గర ట్రాఫిక్‌లో ఆయన స్కూటరు ముందు ఒక ఆటో ఆగింది. దాని వెనక కాలేజీ ప్రకటనలో శామ్యూల్ బొమ్మ, చేతులు కట్టుకుని, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. ఎడమకి తిప్పితే ఆటో ఎడమకే వచ్చింది, కుడికి తిప్పితే కుడికే. నిజాంపేట దాకా ఆ నవ్వు వెనకే రావలసి వచ్చింది.

"ఎదుటివాడి కంచంలోకి చూస్తే మన అన్నం చల్లారిపోతుందండీ" అంది కనకలక్ష్మి.

"నా కంచమే ఎత్తుకుపోయారే" అన్నాడాయన. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇక ఇక్కడ డెమో గురించి చెప్పాలి. ఏ లెక్చరరైనా కొత్త పాఠం చెప్పేముందు ఖాళీ క్లాసులో ఒకసారి చెప్పి చూపించాలి. సీనియర్లు వెనక బెంచీల్లో పిల్లల్లా కూర్చుంటారు. ఎక్కడ తప్పు దొర్లినా, ఏది అర్థం కాకపోయినా చెయ్యెత్తాలి. చెయ్యి లేవకుండా పాఠం అయిపోయిందంటే ఆ పాఠానికి పెద్దలు ఒప్పుకున్నట్టే. సంతకాలూ కాగితాలూ ఏమీ ఉండవు. ఆ కాలేజీలో చెయ్యే సంతకం.

శామ్యూల్ డెమోకి కామేశ్వరరావు వెనక బెంచీలో గోడవారగా కూర్చున్నాడు. మిగతా ఇద్దరు సీనియర్లకీ లెక్కలు తప్ప చరిత్ర తెలియదు. శామ్యూల్ మొదలుపెట్టాడు. బాగా చెప్పాడు. అదే కదా బాధ. పారిస్ మబ్బులు చెబుతుంటే కిటికీలోంచి వెలుతురు తగ్గినట్టనిపించింది. నోడాక్ దగ్గర ఒక్క క్షణం ఆగి గొంతు దించాడు, సరిగ్గా కామేశ్వరరావు దించే చోటే. తన వస్తువు ఇంకొకడింట్లో చూసి, అక్కడే ఇంకా అందంగా ఉందని ఒప్పుకోవలసి వచ్చినవాడి మొహం ఎలా ఉంటుందో ఆయన మొహం అలా ఉంది.

అప్పుడు చికాగో వచ్చింది.

"యురేనియంని భారజలంలో పెట్టారు. న్యూట్రాన్ల స్పీడ్ తగ్గించేది ఆ భారజలమే" అన్నాడు శామ్యూల్.

కామేశ్వరరావు తల చటుక్కున పైకి లేచింది. భారజలం! మన దేశంలో ఫిజిక్స్ చదివిన ఎవరైనా పొరబడే చోటే అది. మన రియాక్టర్లలో ఎక్కువ భాగం భారజలంతో నడిచేవే, మన పిల్లలు బట్టీపట్టే మొదటి జవాబూ అదే. కానీ చికాగోలో వాడింది గ్రాఫైటు. ఇది చిన్న తేడా కూడా కాదు. అవతల అణుశక్తి కోసం పోటీ పడుతున్న జర్మన్లు కొలతలో పొరబడి, గ్రాఫైటు పనికిరాదనుకుని భారజలం వెంటబడటం కూడా వాళ్లు వెనకబడటానికి ఒక కారణమంటారు. ఆ నల్లటి దిమ్మ దగ్గరే చరిత్ర మలుపు తిరిగింది.

కుడిచెయ్యి బల్ల మీద నుంచి కొంచెం లేచింది కూడా. శామ్యూల్ ఆయన వైపే చూస్తున్నాడు, గురువు పెదవి కదులుతుందేమోనని ఎదురుచూసే శిష్యుడిలా. ఆ చూపులో ఏ పొగరూ లేదు. అది చూసి కూడా కామేశ్వరరావు మనసులో మరో మాట వినిపించింది. చెప్పుకోనీ. అన్ని బ్రాంచీల్లో చెప్పుకోనీ. స్క్రీన్ ప్రెజెన్స్ కావాలన్నారుగా, చూసుకోనీ. చెయ్యి బల్ల కిందికి వెళ్లి మోకాలి మీద కూర్చుంది.

"ఎట్లుంది సార్?" అని పరిగెత్తుకొచ్చాడు శామ్యూల్.

"బాగుందయ్యా."

"ఏమన్న తప్పులుంటె చెప్పున్రి సార్, ఫికర్ చేయకున్రి."

"చెయ్యెత్తలేదుగా" అన్నాడు కామేశ్వరరావు. ఆ మాటలో అబద్ధం లేదు, అందుకే సిగ్గు లేకుండా అనగలిగాడు.

వీడియో విడుదల రోజున పిల్లలందరినీ హాల్లో కూర్చోబెట్టారు. కామేశ్వరరావు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపల ఒక చెడ్డ సంతోషం కితకితలు పెడుతోంది. తెర మీద శామ్యూల్ ప్రత్యక్షమయ్యాడు. లేతనీలం చొక్కా! రెండు చేతులూ జోడించాడు.

"ఈ కథ నాది కాదు. మా గురువు కామేశ్వరరావు సార్‌ది. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆయన ముందు నిలబడి మొత్తం చెప్పి, ఆయన సరే అన్న తర్వాతే మీ ముందుకు తెస్తున్నాను. ఇందులో మంచి అంతా ఆయనదే."

హాలంతా వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. చప్పట్లే చప్పట్లు. కామేశ్వరరావు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నవ్వాలి కాబట్టి నవ్వాడు. కాసేపటికి భారజలం వచ్చింది. ఆయన పేరు మోసుకుంటూ వచ్చింది, అన్ని బ్రాంచీలకూ.

ఆ వారం క్లాసులో రసజ్ఞ అనే అమ్మాయి లేచింది. దేన్నీ ఊరికే ఒప్పుకోని పిల్ల. "సార్, చికాగోలో గ్రాఫైట్ అని నెట్‌లో ఉంది. వీడియోలో భారజలం అన్నారు. ఏది రైట్ సార్?"

"గ్రాఫైటేనమ్మా. వీడియోలో తప్పు చెప్పారు."

వెనక నుంచి గుసగుసలు. ఎవరో నవ్వారు. "మరి మీరే ఓకే చేశారని శామ్యూల్ సార్ చెప్పారు కద సార్?" అని రసజ్ఞ అడిగింది, వెటకారం లేకుండానే. ఆయన బోర్డు వైపు తిరిగి లెక్క అందుకున్నాడు. ఆదివారం పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. జవాబుల కీలో భారజలం అని ఉంది. గ్రాఫైట్ పెట్టిన రసజ్ఞకి తప్పు వేశారు.

వెంకట్ దగ్గరికి పరిగెత్తాడు. వెంకట్ అంతా విని, నిట్టూర్చి, తలుపు దగ్గరికి వేశాడు.

"సార్, మీరు కొంచెం ఫీలయ్యారని మాకందరికీ తెలుసు. కానీ డెమోలో మీరే ఉన్నారు. అప్పుడు లేని తప్పు ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందండీ? కుర్రాడు పైకొస్తుంటే మనం పెద్దవాళ్లం ఇలా చెయ్యకూడదు."

"పుస్తకం చూపిస్తానండీ!"

"మీరేదైనా చూపిస్తారు సార్. వదిలెయ్యండి."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడిపోయాడు. ఇన్నేళ్లుగా పిల్లలకి తానే చెప్పిన మాట చెవిలో మోగింది. ఆ జర్మనీ ఆవిడ చెప్పింది, ఎవరూ వినలేదు. ఇక్కడ వినేవాడు ఎదురుగా నిలబడి అడిగాడు, తాను చెప్పలేదు. ఇప్పుడు చెబుతుంటే అసూయ అంటున్నారు. తప్పేముంది, అసూయే కదా. ఇడా నోడాక్ పక్కన పీట వేసుకుని కూర్చునే యోగ్యత తనకెక్కడిది?

హఫీజ్‌పేటలో రైల్వే స్టేషన్‌కి దగ్గర్లోనే శామ్యూల్ ఇల్లు. తలుపు తీసింది అతని తల్లి మరియమ్మ, సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పేరు చెప్పగానే ఆమె మొహం వెలిగిపోయింది.

"మీరేనా సార్! రాండ్రి, రాండ్రి. నౌకరీ పోయినంక మా పిలగాడు ఎంత పరేషానైండో మీకు తెల్వది. మీ క్లాసు ఇన్న దినం ఇంటికొచ్చి, అమ్మా, ఇగ నేను సార్ లెక్క చెప్త అన్నడు. రోజూ ప్రార్థనల మీ పేరు గూడ తల్సుకుంటం సార్."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో కామేశ్వరరావుకి ఆ గుమ్మంలో తెలిసింది. వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నాడు. ఇంతలో శామ్యూల్ వచ్చి కుర్చీ వేశాడు. ఆయన కూర్చోకుండానే చెప్పేశాడు.

"శామ్యూలూ, చికాగోలో భారజలం కాదయ్యా. గ్రాఫైటు. నువ్వు తప్పు చెప్పావు."

శామ్యూల్ మొహం తెల్లబోయింది. "అయ్యో! అన్ని బ్రాంచిలల్ల పోయింది సార్ అది." ఒక్క క్షణం ఆగి, పెద్దాయనకి దారి చూపిస్తున్నట్టు మెల్లగా అన్నాడు. "డెమోల మీరు యాద్ మర్చిండ్రు గావచ్చు సార్. అంత పెద్ద కథల గదొక్కటి జారిపోతది."

ఆ దారిన హాయిగా వెళ్లిపోవచ్చు. తలూపితే చాలు. కామేశ్వరరావు తల ఊపబోయి, గోడ మీద సిలువ పక్కన వేలాడుతున్న లేతనీలం చొక్కా వైపు చూశాడు.

"మర్చిపోలేదు. నువ్వు ఆ మాట అన్నప్పుడే తెలిసింది. చెయ్యెత్తబోయి దించుకున్నాను."

టీ కప్పులతో వస్తున్న మరియమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

"ఎందుకు సార్?" అన్నాడు శామ్యూల్. గొంతు చిన్నపిల్లాడిదయిపోయింది. "నేనేం జేసిన మీకు?"

"బాగా చెప్పావయ్యా. నాకన్నా బాగా చెప్పావు. నువ్వు చేసింది అదే."

ఎంఎంటీఎస్ రైలు ఒకటి వచ్చి వెళ్లింది. మరియమ్మ టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది కానీ ఈసారి తాగండి అనలేదు. శామ్యూల్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇగ చెప్పున్రి. ఆడ ఏమైందో మొత్తం చెప్పున్రి. వెంకట్ సార్‌తోని నేను మాట్లాడ్త, మళ్ల రికార్డ్ చేస్త."

కామేశ్వరరావు చెప్పాడు. గ్యాలరీ కింద గది, నల్లటి దిమ్మలు, జర్మన్ల పొరపాటు, మసిబారిన మొహాలు. అన్నీ చెప్పి, ఒకచోట ఆగాడు. పెన్సిల్ సంగతి. అది ఏ పుస్తకంలోనూ లేదు. అది ఒక్కటే పూర్తిగా ఆయన సొంతం. అది దాచుకుంటే ఎవరికీ తెలియదు, తప్పు కూడా కాదు. లోపలి పొయ్యి మళ్లీ భగ్గుమంది. చివరికి టీపాయ్ మీదున్న పెన్సిల్ అందుకుని, వేలితో రుద్ది, ఆ వేలిని చెంపకి రాసుకున్నాడు. ఈసారి ఎవరూ బెంచీలు బాదలేదు. టీ చల్లారిపోయింది.

కొత్త వీడియో వచ్చింది. పాత కీ కూడా మార్చారు, రసజ్ఞ మార్కు రసజ్ఞకి వచ్చింది. హాల్లో మళ్లీ కూర్చోబెట్టారు. కామేశ్వరరావు మళ్లీ అదే గోడ దగ్గర నిలబడ్డాడు. తెర మీద శామ్యూల్ చేతులు జోడించలేదు. "పారిస్‌లో మబ్బు పట్టింది" అంటూ నేరుగా కథలోకి వెళ్లిపోయాడు. గురువు లేడు, పేరు లేదు. పాఠం చివర్లో చెబుతాడేమోనని కామేశ్వరరావు కాచుకున్నాడు. చివర్లో చికాగో వచ్చింది. శామ్యూల్ పెన్సిల్ తీసి, వేలితో రుద్ది, చెంప మీద రాసుకుని నవ్వాడు. హాలు హాలంతా బెంచీలు బాదేసింది, ఆయన క్లాసులో ఎప్పుడూ వినపడనంత గట్టిగా.

ఆయన నోట ఆ కథ ఎన్నడూ వినని రసజ్ఞ వెనక్కి తిరిగింది. "సార్, శామ్యూల్ సార్ ఐడియా సూపర్ కద సార్, ఆ పెన్సిలూ?"

కామేశ్వరరావు చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఎన్నో ఏళ్ల అలవాటు, అది నాదమ్మా అనడానికే లేచింది. కానీ తెర మీద తప్పేమీ లేదు.

"అవునమ్మా, బాగుంది" అన్నాడు, లేచిన చేత్తో చెంప తుడుచుకుంటూ.